ప్లాన్లు, ఎలివేషన్లు ఒకే ఫైల్లో ఉంచాలా, విడగొట్టి ఎక్స్‌రెఫ్ చేయాలా?

మెట్లగది:
ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగంతస్తుల భవనం గీస్తున్నాం. నాలుగు ప్లాన్లు, నాలుగు ఎలివేషన్లు (బయటి నుంచి కనిపించే నాలుగు ముఖాలు), రెండు సెక్షన్లు (నిలువుగా కోసినట్టు చూపించేవి) అన్నీ ఒకే డీడబ్ల్యూజీ ఫైల్లో, మోడల్ స్పేస్‌లో అంటే గీసే చోటే పక్కపక్కనే ఉన్నాయి. ముగ్గురం పనిచేస్తాం. ఒకరు ఫైల్ తెరిస్తే మిగతా ఇద్దరికి రీడ్ ఓన్లీ అని వస్తోంది. నిన్న మెట్లు 150 మిల్లీమీటర్లు జరిపాం. రెండంతస్తుల్లో మార్చి, మిగతా రెండింట్లో మర్చిపోయాం. ఫైల్‌ని విడగొట్టి, ఒకదాన్ని ఇంకొకదాంట్లో లింక్‌గా చూపించాలా (ఎక్స్‌రెఫ్)? ఎలా?

గ్రిడ్‌లైన్:
ఈరోజే విడగొట్టండి. గ్రిడ్, కాలమ్స్, మెట్లు, లిఫ్ట్, ఇలా అన్ని అంతస్తుల్లో ఒకేలా ఉండేవన్నీ ఒక బేస్ ఫైల్లో పెట్టండి. ప్రతి అంతస్తుకీ ఒక ఫైల్ చేసి, అందులోకి బేస్‌ని ఎక్స్‌రెఫ్‌గా 0,0 దగ్గర అటాచ్ చేయండి. అప్పుడు మెట్లు ఒక్కచోట జరిపితే నాలుగంతస్తుల్లోనూ జరుగుతాయి.

ఎలివేషన్ ఫైల్లోకి మాత్రం ప్లాన్‌ని ఓవర్‌లేగా తీసుకోండి, అటాచ్‌గా వద్దు. ఓవర్‌లే అయితే ఎలివేషన్‌ని ప్రింటు షీట్ ఫైల్లోకి ఎక్స్‌రెఫ్‌గా తెచ్చినప్పుడు ప్లాన్ గీతలు దాని వెంట రావు. తేడా చిన్నదే కానీ చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఇంకొకటి, అన్ని ఫైళ్ల యూనిట్లూ ఒకటేనా అని మొదటే చూసుకోండి. ఒకటి మిల్లీమీటర్లలో, ఇంకొకటి మీటర్లలో ఉంటే తర్వాత తలనొప్పే.

పాతపెన్సిల్:
విడగొట్టకండి. ఎలివేషన్ ఎలా గీస్తాం? ప్లాన్‌ని కింద పెట్టుకుని, కిటికీ అంచు నుంచి ఎక్స్‌లైన్ (కొలత కోసం వేసే అంతులేని సహాయక గీత) పైకి లాగి గీస్తాం. ప్లాన్ కళ్లెదురుగా, చేతికి అందేలా ఉండాలి. ఎక్స్‌రెఫ్ చేస్తే కిటికీ జరపడానికి ఇంకో ఫైల్ తెరవాలి, సేవ్ చేయాలి, తిరిగొచ్చి రీలోడ్ కొట్టాలి.

నా అనుభవం కూడా చెప్తాను. ఒకసారి ప్లాన్ ఫైల్ సైట్‌కి పంపాను. అక్కడ తెరిస్తే గోడలు ఉండాల్సిన చోట ఫైల్ దారి రాసిన ఒక్క లైను కనిపించిందట. ఆరోజు పని ఆగిపోయింది, మాట నేను పడ్డాను.

గ్రిడ్‌లైన్:
అది ఎక్స్‌రెఫ్ తప్పు కాదండీ, పంపిన పద్ధతి తప్పు. ఫైల్ దారిని (పాత్) రిలేటివ్‌గా, అంటే ఈ ఫైల్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కించేలా పెట్టి, ఈట్రాన్స్‌మిట్‌తో ప్యాక్ చేసి పంపితే ఎక్స్‌రెఫ్ ఫైళ్లన్నీ కలిసే వెళ్తాయి.

పాతపెన్సిల్:
అంత తతంగం ఎందుకు? బైండ్ చేసి, అంటే ఎక్స్‌రెఫ్‌లని అసలు ఫైల్లోనే కలిపేసి, ఒకే ఫైల్ పంపొచ్చు కదా?

గ్రిడ్‌లైన్:
బైండ్ చేస్తే ప్రతి లేయర్ పేరులోనూ డాలర్ సున్నా డాలర్ ($0$) వచ్చి చేరుతుంది. ఆ ఫైల్ తిరిగొచ్చాక శుభ్రం చేసేది ఎవరు?

పాతపెన్సిల్:
బైండ్‌లోనే ఇన్సర్ట్ అనే ఆప్షన్ ఉంది, అది ఎంచుకుంటే పేర్లు మారవు. ఇది తెలియకుండా సలహాలిస్తున్నారు.

గ్రిడ్‌లైన్:
తెలుసు. అలా చేస్తే ఒకే పేరున్న లేయర్లు కలిసిపోయి, హోస్ట్ ఫైల్లో, అంటే ఎక్స్‌రెఫ్‌ని తెచ్చుకున్న ఫైల్లో ఉన్న రంగే మిగులుతుంది. ఇది తెలియక మీరు వాదిస్తున్నారు.

ఉత్తరముఖం:
అడిగింది ఎడిటింగ్ గురించి. మీరిద్దరూ ఫైల్ పంపడం దగ్గరే ఆగిపోయారు.

ఎక్స్‌లైన్ల సంగతి: ఎలివేషన్ ఫైల్లో ప్లాన్ ఎక్స్‌రెఫ్‌ని నాలుగు కాపీలు చేసి, ఒక్కోదాన్ని 90 డిగ్రీల చొప్పున తిప్పి, ఒక్కో ఎలివేషన్ కింద పెట్టండి. ఎక్స్‌క్లిప్‌తో బయటి గోడ వరకే కనిపించేలా కత్తిరించండి. స్నాప్‌లు మామూలుగానే పడతాయి. ప్లాన్ లేయర్లకి బూడిద రంగు ఇచ్చి లాక్ చేయండి. విస్‌రిటైన్ అనే సెట్టింగ్ 1లో ఉంటే ఫైల్ మళ్లీ తెరిచినా ఆ రంగు పోదు.

మెట్లగది:
ఇది చేసి చూశాను, బాగుంది. పశ్చిమం వైపు కాపీని తప్పు దిక్కుకి తిప్పి అరగంట పోగొట్టుకున్నాను. ఇప్పుడు సరిగ్గా వచ్చింది.

పాతపెన్సిల్:
నాలుగు కాపీలు తిప్పడం సులువా, ఒకే ఫైల్లో పని చేసుకోవడం సులువా?

గ్రిడ్‌లైన్:
మీరు ఒక్కరే పనిచేస్తారేమో, అందుకే సులువుగా ఉంది. ముగ్గురున్న చోట ఒకే ఫైల్ అంటే ఇద్దరు చేతులు కట్టుకుని కూర్చోవడమే. లేదంటే ఎవరి కాపీ వాళ్లు చేసుకోవాలి. అలాంటి పాత కాపీ మీద నేను రెండు వారాలు ఎలివేషన్ గీశాను. అసలు ప్లాన్‌లో కాలమ్ ఎప్పుడో జరిగిందని నాకు ఎవరూ చెప్పలేదు. మళ్లీ మొదటి నుంచి గీసింది నేనే. కాబట్టి పాత పద్ధతే మంచిదని నాకు చెప్పకండి.

పాతపెన్సిల్:
ఒక్కడినే పనిచేస్తానని ఎవరు చెప్పారు? ఐదుగురున్న ఆఫీసులో ఎక్స్‌రెఫ్‌తోనే పనిచేశాను. క్లయింట్ ఒప్పుకుని సంతకం పెట్టిన ఎలివేషన్ అది. తర్వాత ప్లాన్‌లో ఎవరో రెండు కిటికీలు జరిపారు. నా ఫైల్ కింద ప్లాన్ తనంతట తానే మారిపోయింది, పైన నేను గీసిన ఎలివేషన్ మాత్రం పాతదే. రిఫరెన్స్ మారిందని మూలన చిన్న బెలూన్ వచ్చి ఉంటుంది. ఏం మారిందో అది చెప్పదు. రెండూ కలవని షీట్లు ప్రింటుకి వెళ్లాయి. నా పని కింద నాకు తెలియకుండా ఏదీ మారకూడదు. నేను ఒకే ఫైల్ అని పట్టుబట్టేది అందుకే.

నాలుగోగోడ:
అంటే ఇద్దరికీ దెబ్బ ఒకచోటే తగిలింది. ప్లాన్ మారిన సంగతి ఎలివేషన్ గీసేవాళ్లకి ఎవరూ చెప్పలేదు.

గ్రిడ్‌లైన్:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. 2డీలో ఎక్స్‌రెఫ్ ప్లాన్‌నే మారుస్తుంది, ఎలివేషన్ గీతలు మనమే మార్చాలి. అది నేను ముందే చెప్పాల్సింది. మా దగ్గర ఇప్పుడు బయటి గోడలకి, వాటి కిటికీలకి వేరే ఫైల్ ఉంది. దాన్ని ఒక్కరే ఎడిట్ చేస్తారు. లోపలి గోడలు ఎవరు జరిపినా ఎలివేషన్‌కి ఏమీ కాదు. కొత్త వెర్షన్లలో ఎక్స్‌రెఫ్ కంపేర్ ఉంది, మారిన గీతలు వేరే రంగులో చూపిస్తుంది.

పాతపెన్సిల్:
ఆ ఫైల్ ఒక్కరి చేతిలోనే ఉంటుందంటే ఎక్స్‌రెఫ్‌కి ఒప్పుకుంటాను. ఎలివేషన్‌కి సంతకం అయ్యాక మాత్రం ఆరోజు ప్లాన్‌ని తేదీతో వేరే ఫోల్డర్లో కాపీ చేసి, ఎలివేషన్‌కి దాన్నే కలపాలి. కొత్త ప్లాన్ ఎప్పుడు తెచ్చుకోవాలో ఎలివేషన్ గీసేవాళ్లే నిర్ణయించుకోవాలి.

గ్రిడ్‌లైన్:
తేదీ కాపీకి నేను ఒప్పుకోను. రెండు వారాలు పోగొట్టుకుంది అలాంటి కాపీ వల్లే.

మెట్లగది:
మేం బయటి గోడల ఫైల్ వేరు చేశాం, అది నా చేతిలోనే ఉంటుంది. మొదటి సంతకం వచ్చే వారం. తేదీ కాపీ సంగతి అప్పటికి తేల్చుకోవాలి.