ఫ్లోరైడ్ లేని ‘సహజ’ పేస్టు: మూడేళ్లలోపు పిల్లలకు అదే మేలా?

మునుగోడు_బిడ్డ: నీళ్లలో ఫ్లోరైడ్ తాగి గారపళ్లు, వంగిన కాళ్లు చూసిన జిల్లా మాది. ఉమ్మడం రాని పిల్లకు పేస్టులోనూ అదే పెట్టాలా? ఫ్లోరైడ్ లేనిదే కొనాలి. ఇందులో వాదన ఏముంది?

పళ్ల_డాక్టరు: లెక్క చూడండి. 1000 పీపీఎం అంటే గ్రాము పేస్టులో 1 మి.గ్రా. ఫ్లోరైడ్. మూడేళ్లలోపు వేయాల్సింది బియ్యపుగింజంత, దాదాపు 0.1 గ్రాము. అంతా మింగినా 0.1 మి.గ్రా. లీటరుకు 1.5 మి.గ్రా. ఉన్న బోరు నీళ్లు ఒక్క లీటరు తాగితే దానికి 15 రెట్లు. పళ్లు పుచ్చకుండా ఆపుతుందని గట్టి ఆధారాలున్నవి 1000 పీపీఎం, ఆపై పేస్టులకే. వేప, లవంగ నూనె నోటికి హాయిగానే ఉంటాయి గానీ ఎనామెల్ (పంటి గట్టి పైపొర) కోల్పోయిన ఖనిజాన్ని తిరిగి చేర్చవు.

సిరి_అమ్మ: మేం జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) ఉన్న పేస్టు వాడుతున్నాం, చాలదా?

పళ్ల_డాక్టరు: ఫ్లోరైడ్ లేకుండా జైలిటాల్ ఒక్కదానితో సరిపోతుందని నమ్మకండి. ఫ్లోరైడ్ వద్దే వద్దనుకుంటే హైడ్రాక్సీఅపటైట్ (పంటిలో సహజంగా ఉండే ఖనిజం) 10 శాతం ఉన్నవి చూడండి. శాతం రాయని ట్యూబు మాత్రం వద్దు.

కొత్తపేట_కిరాణా: ముందు వేపాకు బొమ్మ ఉన్నా వెనక ‘సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్’ అని ఉంటే అది ఫ్లోరైడ్ పేస్టే. చదివి కొనండి.

మునుగోడు_బిడ్డ: డాక్టరు గారూ, మీ బియ్యపుగింజ ఏ ఇంట్లో వేస్తున్నారు? ప్రకటనల్లో బ్రష్ ఈ చివర నుంచి ఆ చివరిదాకా పేస్టే. అలా వేస్తే గ్రాము. పైగా స్ట్రాబెర్రీ రుచి, పిల్ల చప్పరించి మింగేస్తుంది. పొద్దున, రాత్రి కలిపి 2 మి.గ్రా. ఇప్పుడు చెప్పండి మీ లెక్క.

పళ్ల_డాక్టరు: అది వేసే తీరులో తప్పండీ, పేస్టులో కాదు.

మునుగోడు_బిడ్డ: నీళ్ల విషయంలోనూ మాకు ఇదే మాట చెప్పారు! కాచుకోండి, వడగట్టుకోండి అన్నారు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ప్రతిసారీ తప్పు తాగినవాడిదే. మోతాదు తప్పితే నష్టం చేసే వస్తువును మిఠాయి రుచితో పిల్ల చేతికిచ్చి, తప్పు తల్లిదంటే ఒప్పుకోను.

సిరి_అమ్మ: ఈ మాట నిజం. ట్యూబు మీద గింజ బొమ్మ వేస్తే ఏం పోయింది?

పళ్ల_డాక్టరు: బొమ్మ వేయాలి, ఒప్పుకుంటాను. రుచి లేని పేస్టు తీసుకోండి, పెద్దవాళ్లే వేయండి, ట్యూబు అందకుండా పెట్టండి. కానీ మీ బోరు నీళ్లు పరీక్ష చేయించారా? ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే ముందు మార్చాల్సింది నీళ్లు. కృష్ణా నీళ్లో, ఆర్వో నీళ్లో తాగే ఇంట్లో ఫ్లోరైడ్ లేని పేస్టు పెట్టి, రాత్రి పాలసీసా నోట్లోనే ఉంచి పడుకోబెడితే పైవరస ముందు పళ్లు రెండేళ్లకే పుచ్చుతాయి.

మునుగోడు_బిడ్డ: పాలసీసా మాన్పించండి. దానికి నా అడ్డు లేదు. నీళ్ల పరీక్ష కాగితం చేతికొచ్చేదాకా మాత్రం మా ఇంట్లో ఫ్లోరైడ్ పేస్టు రాదు.

పళ్ల_డాక్టరు: కాగితం తెప్పించి ఆ అంకె ఇక్కడ పెట్టండి. 0.5 లోపు ఉంటే ఆ రాత్రి నుంచే గింజంత వేయమంటాను.