ఇన్‌స్పెక్ట్‌లో మార్చినది రిఫ్రెష్‌తో పోతోంది: పిల్లలకు దీన్ని ఎలా చెప్పాలి?

అనంతపురం_అయ్యవారు (ప్రశ్న):
నమస్కారం. అనంతపురం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లోని ట్యాగులను (గుర్తులను) బోర్డు మీద రాసి బట్టీ పట్టించడంకన్నా, బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ (పేజీ వెనుక ఉన్న కోడును చూపి, మార్చనిచ్చే పనిముట్టు) తెరిచి ఉన్న పేజీనే మార్పించడం మేలనుకొని గత వారం మొదలుపెట్టాను. ఉల్లి ధరల పేజీలో క్వింటాలు ధర మీద రెండుసార్లు క్లిక్ చేసి కొత్త అంకె కొట్టించగానే తరగతి గొల్లుమంది. సగంమంది వెబ్‌సైటునే మార్చేశామని నమ్మారు. రిఫ్రెష్ చేయగానే పాత ధర తిరిగి రావడంతో తక్కినవారు ఇదంతా ఉత్తదేనని తేల్చేశారు. పైగా ఒక అబ్బాయి ఫలితాల పేజీలో తన మార్కులు పెంచుకొని, స్క్రీన్‌షాట్ తీసి ఇంటికి పంపితే, మరునాడు వాళ్ల నాన్నగారు మిఠాయి డబ్బాతో బడికి వచ్చారు. ఈ పాఠాన్ని నేను ఎక్కడినుంచి మొదలుపెట్టవలసింది?

బురుజు_కర్నూలు:
అయ్యవారికి నమస్కారం. కర్నూలులో డిగ్రీ విద్యార్థులకు ఇదే చెబుతుంటాను. రిఫ్రెష్‌తో పోవడాన్నే మొదటి పాఠం చేయండి. సర్వర్ (వెబ్‌సైటు ఫైళ్లు ఉండే దూరపు కంప్యూటర్) పంపిన హెచ్‌టీఎంఎల్‌ను చదివి బ్రౌజర్ తన మెమరీలో ఒక చెట్టులా కట్టుకుంటుంది; దాన్నే డామ్ అంటాం. ఇన్‌స్పెక్ట్‌లో తెరుచుకునే ఎలిమెంట్స్ ప్యానెల్‌లో మనం మార్చేది ఆ చెట్టునే గాని సర్వర్‌లోని ఫైలును కాదు. ఇది మాటలతో ఎక్కదు కనుక, పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్లలో అదే పేజీ తెరిపించి, ఒకదానిలో ధర మార్పించి, రెండోదాన్ని రిఫ్రెష్ చేయించండి. ఆ తర్వాత కంట్రోల్, యు కలిపి నొక్కించి సోర్సు, అంటే సర్వర్ పంపిన అసలు హెచ్‌టీఎంఎల్, చూపించండి. పట్టిక రాసినవారు దాని వరుసలను చుట్టే టీబాడీ ట్యాగు పెట్టకపోతే సోర్సులో అది కనబడదు, ఎలిమెంట్స్‌లో మాత్రం కనబడుతుంది; బ్రౌజర్ తానే చేర్చుకుంది. రెండూ ఒకటి కావని పిల్లలకు అక్కడ తెలుస్తుంది.

అంకెలు మార్చడంతో ఆపకండి. ఏదైనా తెలుగు పేరా ఎంచుకొని, ఎలిమెంట్స్ పక్కనే ఉండే స్టైల్స్‌లో లైన్-హైట్‌ను (వరుస ఎత్తును) 1కి తగ్గించమనండి. పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులకు తగులుకుంటాయి. దాన్ని 1.6కో 1.8కో పెంచితే వరుసలు విడివడతాయి. మన లిపికి సీఎస్ఎస్ (పేజీ రూపురేఖలను నిర్ణయించే భాష) ఎందుకు కావాలో ఇంతకన్నా బాగా చూపే ఉదాహరణ నాకు దొరకలేదు.

కడప_వెబ్:
రిఫ్రెష్ చేసినా మార్పులు నిలవాలంటే క్రోమ్‌లో లోకల్ ఓవర్‌రైడ్స్ అనే సదుపాయం ఉంది. 2018లో 65వ వెర్షన్‌తో వచ్చింది. అయితే అదీ మన కంప్యూటర్‌లోనే నిలుస్తుంది. తొమ్మిదో తరగతికి అది తొందర. నోట్‌ప్యాడ్‌లో సొంత పేజీ రాసి, ఇన్‌స్పెక్ట్‌లో సరిచూసుకొని, నచ్చిన విలువను మళ్లీ ఫైలులో రాసుకోవడం అలవాటు చేస్తే చాలు. ఇన్‌స్పెక్ట్‌లోనే ఉండే కన్సోల్ (కోడు కొట్టి నడిపించే చోటు) జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లనివ్వకండి. ఎవరో పంపిన కోడును లాగిన్ అయి ఉన్న పేజీలో అతికిస్తే ఖాతా చేజారవచ్చు. అందుకే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అక్కడ ముందు హెచ్చరిస్తాయి.

అనంతపురం_అయ్యవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు కంప్యూటర్ల పద్ధతి నిన్న చేయించాను. రెండోదానిలో ధర కదలకపోవడం చూసి వాదనలు ఆగిపోయాయి. మార్కులు పెంచుకున్న అబ్బాయి చేతనే వాళ్ల నాన్నగారికి ఆ పని మొదటినుంచి చేయించి చూపించాను. ఆయన అంతా శ్రద్ధగా చూసి, కరెంటు బిల్లు పేజీలో కూడా ఇలా తగ్గించవచ్చా అని అడిగారు.