ఎండకాలంలోనూ అవే ఆసనాలా? తగ్గించుకుంటే సాధన చెడుతుందా?

మల్కాజిగిరి మేడ మీద:
మూడేళ్లుగా పొద్దున్నే టెర్రస్ మీద యోగా చేస్తున్నాను. మా గురువుగారిది ఒకటే మాట. జనవరి అయినా మే అయినా 24 సూర్య నమస్కారాలు, ఆసనాలు, చివర భస్త్రిక (కొలిమితిత్తిలా బలంగా, వేగంగా ఊపిరి పీల్చి వదిలే ప్రాణాయామం). కాలాన్ని బట్టి మారిస్తే అది సాధన కాదంటారు. పోయిన వారం, రోహిణి కార్తెలో, పదిహేనో నమస్కారం దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాను. అప్పటికి టైం ఏడున్నర. ఆయనంటే నాకు గౌరవం. అయినా ఈ పద్ధతి సరైందేనా?

నిత్యసాధకుడు:
సరైందే. పతంజలి యోగసూత్రాల రెండో పాదంలో 48వది "తతో ద్వంద్వానభిఘాతః". ఆసనం సిద్ధిస్తే చలీ వేడీ మనిషిని బాధించవు. ఎండకు తగ్గించి, వానకు మానేసి, చలికి ముసుగుతన్నితే ఏడాదిలో మిగిలేది ఎన్ని రోజులు? నాతో మొదలుపెట్టిన ఆరుగురిలో ఇద్దరమే మిగిలాం. మిగతావాళ్లంతా "ఈ నెల కొంచెం తగ్గిద్దాం" అన్నవాళ్లే.

ఆయుర్వేద విద్యార్థిని:
సాధకుడు గారూ, దాని పైనున్న రెండు సూత్రాలు కూడా చూడండి. 46లో ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్నాడు. 47లో ప్రయత్నశైథిల్యం, అంటే బలవంతం సడలితేనే అది కుదురుతుందన్నాడు. 48 దాని ఫలితం. కళ్లు తిరుగుతున్నా లాగితే ఆ ఫలితం ఎలా వస్తుంది?

వాగ్భటుడు అష్టాంగ హృదయం అనే ఆయుర్వేద గ్రంథంలో ఇంకా సూటిగా చెప్పాడు. బలమూ మంచి తిండీ ఉన్నవాళ్లు కూడా చలికాలంలో, వసంతంలో సగం శక్తి మేరకే వ్యాయామం చేయాలి. మిగతా కాలాల్లో అంతకన్నా తక్కువే. ఊపిరి నోటికి వచ్చిందంటే సగం బలం వాడేసినట్టని ఇంకో ఆయుర్వేద ఆచార్యుడు సుశ్రుతుడి లెక్క. మేడ మీద గారూ, మీరు ఆ హద్దు ఎప్పుడో దాటారు.

ఆఖరి అంతస్తు, కూకట్‌పల్లి:
అయితే పుస్తకంలోని ఋతువుల్ని అలాగే పట్టుకోలేం. వసంతంలో గానీ శరత్తులో గానీ యోగం మొదలుపెట్టాలని, మిగతా నాలుగు ఋతువుల్లో మొదలుపెడితే రోగాలొస్తాయని ఘేరండ సంహిత అనే హఠయోగ గ్రంథం అంటుంది. 2015 నుంచి ఎంతమంది జూన్ 21న, యోగా దినోత్సవం నాడు మొదలుపెట్టలేదు! నేనూ ఒకణ్ణి, బాగానే ఉన్నాను. ఋతువు పేరు పక్కనపెట్టి మన ఊరి వేడినీ తేమనూ చూసుకోవాలి.

మే నెలలో మా స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా వేడి దింపుతూనే ఉంటుంది, సాయంత్రం చేయడం నా వల్ల కాలేదు. తెల్లవారి ఐదింటికే కాస్త హాయి. జులైలో ఎండ లేకపోయినా గాలిలో తేమకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైగా గచ్చు మీద పాచి, మ్యాట్ జారుతుంది. డిసెంబరులో తొడ వెనక కండరాలు బిగుసుకుంటాయి. పావుగంట ఒళ్లు వేడెక్కనిచ్చాకే, కాళ్లు చాపి ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం వేస్తాను. ఆ 24 నమస్కారాలు అప్పుడు చేయండి, ఒంటికి పడతాయి.

ఎండకాలంలో భస్త్రిక బదులు ఒంటిని చల్లబరిచే శీతలి ప్రాణాయామం మంచిదే. కాకపోతే నాలుక గొట్టంలా చుట్టి నోటితో పీలుస్తాం, ముక్కు వడపోత ఉండదు. మెయిన్ రోడ్డు దుమ్ము తగిలే చోట మాత్రం చేయకండి.

నిత్యసాధకుడు:
47వ సూత్రం మాట ఒప్పుకుంటున్నాను. కళ్లు తిరిగితే నేనైనా ఆపుతాను. కానీ లెక్క తగ్గించండి, రోజు మాత్రం తప్పించకండి. ఎంత తగ్గించాలో ముందు రాత్రే రాసిపెట్టుకోండి. పొద్దున లేచాక అడిగితే మనసు ఎప్పుడూ తగ్గించమనే చెబుతుంది.

మల్కాజిగిరి మేడ మీద:
రాసుకున్నాను. రేపటి నుంచి ఐదుంబావుకి, 12 నమస్కారాలు, చివర శీతలి. వానలు మొదలయ్యాక హాల్లో. ఆదివారం గురువుగారికి నేనే చెబుతాను. మా అమ్మకి బీపీ ఉంది, నాతో కూర్చుంటానంటోంది. చలికాలం వచ్చాక ఆమెకు భస్త్రిక నేర్పొచ్చా?

ఆయుర్వేద విద్యార్థిని:
వద్దండీ. బీపీ ఎక్కువుంటే భస్త్రిక, ఊపిరిని వేగంగా బయటికి నెట్టే కపాలభాతి ఏ కాలంలోనూ వద్దు. డాక్టర్‌ని ఒకసారి అడిగి, తుమ్మెదలా మెల్లగా ఝుంకారం చేసే భ్రామరితో మొదలుపెట్టించండి.