2021 జులై డర్బన్ లూటీలు: ఆకలా, కుట్రా, పోలీసులు లేకపోవడమా?

వాసు_విజయనగరం:
దక్షిణాఫ్రికాలో 2021 జులైలో జరిగిన అల్లర్ల మీద మా ఫ్రెండ్స్ గ్రూపులో వాదన నడుస్తోంది, ఎంతకీ తేలడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మాజీ అధ్యక్షుడు జేకబ్ జూమా జైలుకెళ్లిన రెండు మూడు రోజులకే డర్బన్ చుట్టుపక్కల, ఆ వెంటనే జోహన్నెస్‌బర్గ్‌లో మాల్స్ ఊడ్చేశారు, గోడౌన్లు తగలబెట్టారు, 350 మందికి పైగా చనిపోయారు. మావాళ్లలో సగం మంది ఏమంటారంటే, కోవిడ్‌లో ఉద్యోగాలు పోయి జనం ఆకలితో ఉన్నారు, జూమా ఒక సాకు మాత్రమే అని. మిగతా సగం ఇదంతా జూమా వర్గం వెనకుండి చేయించిన కుట్ర అంటారు. నాకు రెండూ పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు. ఆకలైతే పిండి బస్తా ఎత్తుకెళ్తారు, గోడౌన్‌కి నిప్పెందుకు పెడతారు? కుట్రే అయితే, టీవీలో చూశాం కదా, ట్రాలీ తోసుకుంటూ పోతున్న ఆ పెద్దావిడకి ఏ కుట్ర తెలుసు?

ఇంకోటి. డర్బన్ దగ్గరి ఫీనిక్స్‌లో భారత సంతతి వాళ్లు నల్లజాతి వాళ్లని కాల్చి చంపారని అప్పట్లో చదివాను. అక్కడ తెలుగు మూలాలున్న కుటుంబాలు కూడా ఉన్నాయి కదా, ఆ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

సముద్రం_పక్కన:
అప్పుడు డర్బన్ పక్కనున్న ఉమ్‌షాంగాలో ఉండేవాణ్ణి, ప్రాజెక్ట్ మీద వెళ్లి లాక్‌డౌన్‌లో ఇరుక్కున్నా. వాసు గారూ, మీ ప్రశ్నలోనే చిక్కుంది, అదంతా ఒకే గుంపు చేసిన ఒకే పని అనుకుంటున్నారు. తేదీలు వరసగా చూస్తే అలా ఉండదు. కోర్టు ధిక్కారం కేసులో రాజ్యాంగ న్యాయస్థానం జూన్ 29న జూమాకి 15 నెలల శిక్ష వేసింది, జులై 7 రాత్రి ఆయన లొంగిపోయాడు, ఎస్ట్‌కోర్ట్ జైలుకి తీసుకెళ్లారు. 9వ తేదీ రాత్రి మూయి రివర్ దగ్గర ఎన్3 హైవే మీద ట్రక్కులు ఆపి వరసగా తగలబెట్టారు. ఎన్3 అంటే డర్బన్ పోర్టు నుంచి జోహన్నెస్‌బర్గ్‌కి సరుకు వెళ్లే దారి, అది మూసేస్తే దేశం సగం ఆగిపోతుంది. ఆకలేసినవాడు చేసే పని కాదు అది. సెల్ టవర్లు పాడుచేయడం, ఒక కంటైనర్ నుంచి లక్షల కొద్దీ తూటాలు మాయం కావడం, ఇవి కూడా ఆకలి లెక్కలోకి రావు.

కానీ 11, 12 తేదీలకి వచ్చిన జనం వేరు. మొదటిరోజు వచ్చినవాళ్లు షట్టర్లు పగలగొట్టారు, ఏ పోలీసూ రాలేదు, అది టీవీలో లైవ్‌లో వస్తోంది. అది చూసిన పక్క బస్తీ వాళ్లు బయల్దేరారు, ఆ తర్వాత కార్లున్నవాళ్లు కూడా వచ్చారు, అది మర్చిపోకండి, మంచి కార్లలో ఫ్రిజ్‌లు, టీవీలు ఎక్కించుకున్న వాళ్లని అందరం చూశాం. సందట్లో సడేమియా బాపతు. మా ఏరియాలో బ్రెడ్ కోసం క్యూలు, పెట్రోల్ బంకుల్లో క్యాన్లలో పోయకూడదని ఆర్డర్, డర్బన్ దగ్గరి సాప్రెఫ్ రిఫైనరీ మూసేశారన్న వార్త. ఎవరైనా వస్తున్నారంటూ వాట్సాప్‌లో మెసేజ్ వస్తే చాలు, అది నిజమో అబద్ధమో చూసేవాడు లేడు, అందరూ రోడ్డు మీదకి. నా ఉద్దేశంలో మొదలుపెట్టింది ఒకరు, ఎత్తుకెళ్లింది ఇంకొకరు, వీళ్లిద్దరికీ మధ్యలో తలుపు తెరిచిపెట్టింది పోలీసులు.

లెక్కల_బాబాయ్:
పై పోస్టుతో చాలావరకు ఏకీభవిస్తా కానీ ఆకలిని అంత తేలిగ్గా పక్కన పెట్టడం నచ్చలేదు. 2021 మొదటి మూడు నెలలకి అక్కడి ప్రభుత్వ లెక్క ప్రకారం నిరుద్యోగం 32.6 శాతం, 15 నుంచి 24 ఏళ్ల పిల్లల్లో 60 శాతం పైన. కోవిడ్ కోసం ఇచ్చిన నెలకి 350 రాండ్ల (రాండ్ అక్కడి కరెన్సీ) సాయం ఏప్రిల్‌తో ఆపేశారు. జూన్ చివర్లో మళ్లీ లాక్‌డౌన్ బిగించారు. జులైలో లూటీలు. జులై నెలాఖరుకి అదే 350 రాండ్లు మళ్లీ ఇస్తామని అధ్యక్షుడు రామఫోసా ప్రకటించాడు! కుట్ర ఒక్కటే కారణమైతే ఆ డబ్బు ఎందుకు వెనక్కి తెచ్చారు? ప్రభుత్వం నోటితో ఏం చెప్పినా, చేత్తో ఒప్పుకుంది.

అయితే నాకే అడ్డొచ్చే సంగతి ఒకటుంది, అది కూడా చెప్పాలి. ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలో అప్పుడు నిరుద్యోగం డర్బన్ ఉన్న క్వాజులు-నాటాల్ కన్నా ఎక్కువ. అక్కడ ఈ స్థాయిలో ఏమీ జరగలేదు. పేదరికమే చాలనుకుంటే ముందు అక్కడ మండాలి. కాబట్టి పేదరికం ఉంటే అల్లర్లు జరిగి తీరతాయని చెప్పలేం, కానీ జరిగినప్పుడు వేల మంది ఎందుకు కలిశారో అది చెబుతుంది. జోహన్నెస్‌బర్గ్ ఉన్న గౌటెంగ్ రాష్ట్రంలో ఇంకో తమాషా, సొవెటోలోని మపోన్యా మాల్‌ని స్థానికులే రాత్రంతా కాపలా కాసి కాపాడుకున్నారు. వాళ్లేమీ డబ్బున్నవాళ్లు కాదు.

రఫ్‌గా_రాజేష్:
ఇంత థియరీ దేనికి అన్నా. దొంగతనం దొంగతనమే. టీవీ తింటారా, ఫ్రిజ్ తింటారా? మొదటి రోజే నలుగురికి గట్టిగా పడితే అక్కడితో అయిపోయేది.

సముద్రం_పక్కన:
రాజేష్ తమ్ముడూ, గట్టిగా కొట్టడానికి ముందు అక్కడ మనిషి ఉండాలి కదా. చాలాచోట్ల పోలీసుల దగ్గర రబ్బరు బుల్లెట్లు అయిపోయాయి. ఆర్మీని దింపుతామని 12న ప్రకటించారు, మొదట 2,500 మంది, ఏ మూలకి సరిపోతారు? దాన్ని 25,000 దాకా పెంచేసరికి మాల్స్‌లో అరలు ఖాళీ. పైగా ఇంటెలిజెన్స్ రిపోర్ట్ ముందే ఇచ్చామని స్టేట్ సెక్యూరిటీ మంత్రి, నాకు అందలేదని పోలీసు మంత్రి భేకి చెలే, ఇద్దరూ బహిరంగంగా మాటల యుద్ధానికి దిగారు. అధ్యక్షుడు ఇది తిరుగుబాటు అన్నాడు, రక్షణ మంత్రి అలాంటి ఆధారం లేదంది, తర్వాత మాట మార్చుకుంది. ఏం జరుగుతోందో ఆ కుర్చీల్లో ఉన్నవాళ్లకే ఒక మాట లేదు.

పద్మ_ఎం:
ఫీనిక్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తాను, కాస్త పొడుగు అవుతుంది. ఫీనిక్స్ తనంతట తాను ఏర్పడిన ఊరు కాదండి. వర్ణవివక్ష ప్రభుత్వం జాతుల వారీగా నివాసాలు విడదీసే చట్టం కింద భారతీయుల కోసం 1976లో కట్టింది. పక్కనే నల్లజాతి వాళ్లు ఎక్కువగా ఉండే ఇనాండా, క్వామషు. క్వామషులో చాలామంది డర్బన్‌లోని కాటో మానర్ నుంచి బలవంతంగా తరలించినవాళ్లు. మధ్యలో ఖాళీ స్థలం, రోడ్లు, ఇలా విడదీసి పెట్టడమే ఆ ప్లాన్. చెరుకు తోటలకి 1860 నుంచి మద్రాసు మీదుగా వెళ్లిన కూలీల్లో తమిళులతో పాటు మన ఉత్తరాంధ్ర వైపు వాళ్లూ ఉన్నారు, 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఇప్పటి తరం ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషే, తెలుగు పెళ్లిళ్లలో, పూజల్లో వినిపిస్తుంది.

ఈ రెండు వర్గాల మధ్య గొడవ 2021లో పుట్టలేదు. 1949 జనవరిలో డర్బన్‌లో ఒక భారతీయ దుకాణదారు, ఒక జులు కుర్రాడి మధ్య తగాదాతో మొదలై 142 మంది చనిపోయారు. అందులో 87 మంది ఆఫ్రికన్లు, 50 మంది భారతీయులు. 1985లో ఇనాండాలో మళ్లీ అల్లర్లు, గాంధీ స్థాపించిన ఫీనిక్స్ ఆశ్రమం కూడా కాలిపోయింది. ఈ జ్ఞాపకాలన్నీ ఇళ్లలో కథలుగా తిరుగుతూనే ఉన్నాయి. 2021లో పోలీసులు కనిపించకపోయేసరికి ఫీనిక్స్ వాళ్లు వీధుల చివర అడ్డుకట్టలు వేసి, తుపాకులతో కూర్చున్నారు. ఆస్తి కాపాడుకోవడం వరకు అర్థం చేసుకోవచ్చు. కానీ జరిగింది అంతటితో ఆగలేదు. పనికి వెళ్లొస్తున్నవాళ్లని, పెట్రోల్ కోసం వచ్చినవాళ్లని కూడా రంగు చూసి ఆపారు, కొట్టారు, కాల్చారు. ఆ ప్రాంతంలో 36 మంది చనిపోయారని పోలీసు మంత్రే చెప్పాడు. మన మూలాలవాళ్లు ఉన్నారని దీన్ని ఆత్మరక్షణ అని సర్దిపెట్టడం నాకు ఇష్టం లేదు. అలాగని ఫీనిక్స్ మొత్తాన్ని హంతకుల ఊరు అన్న హ్యాష్‌ట్యాగులూ అంతే తప్పు, అంబులెన్స్‌లు రాని చోట పక్క బస్తీకి రొట్టె, పాలు పంచినవాళ్లు కూడా ఆ ఊళ్లోనే ఉన్నారు.

లెక్కల_బాబాయ్:
పద్మ గారు బాగా రాశారు. ఒక చిన్న సంగతి, నష్టం ఎవరు భరించారని ఎవరూ అడగలేదు. మొత్తం నష్టం 5,000 కోట్ల రాండ్లని అంచనా. మామూలు బీమా కంపెనీలు అక్కడ అల్లర్ల నష్టం కట్టవు, దానికి సాస్రియా అని ప్రభుత్వ సంస్థ వేరే ఉంది, 1976 సొవెటో తిరుగుబాటు తర్వాత 1979లో పెట్టారు. అది ఇంత క్లెయిమ్‌లు తట్టుకోలేక ఖజానా నుంచి డబ్బు పోయాల్సి వచ్చింది. పెద్ద మాల్స్ తిరిగి తెరిచారు. సాస్రియా పాలసీ లేని చిన్న కొట్టువాడి సంగతి మాత్రం అడక్కండి.

వాసు_విజయనగరం:
అందరికీ థాంక్స్. ఇప్పుడు కొంచెం విడివిడిగా కనిపిస్తోంది. మరి నిప్పు పెట్టించినవాళ్లు దొరికారా?

సముద్రం_పక్కన:
అరెస్టులు వేలల్లో, దాదాపు అందరూ చేతిలో సరుకుతో దొరికినవాళ్లే. రెచ్చగొట్టారని 2022 ఆగస్టులో 20 మందిని పట్టుకున్నారు. జూమా కూతురు దుదుజిలే మీద ట్వీట్లతో హింసకి ఉసిగొల్పిందని 2025 జనవరిలో కేసు పెట్టారు, ఆమె కాదంటోంది. మూయి రివర్‌లో ఆ రాత్రి ట్రక్కులు ఆపమని చెప్పింది ఎవరో తేలితే మీ గ్రూపు వాదనలో సగం తీరుతుంది, ఆ పేరు మాత్రం ఏ తీర్పులోనూ నాకు కనిపించలేదు.