ఆక్రోమెగలీ: నెలనెలా ఇంజెక్షన్ ఖర్చు ఎలా నెట్టుకొస్తున్నారు?

కొత్తవాకిలి: అందరికీ నమస్కారం. నాన్నగారికి ఆక్రోమెగలీ, అంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వల్ల గ్రోత్ హార్మోన్ ఎక్కువైపోయే జబ్బు. ఆపరేషన్ అయి ఐదు నెలలైంది. ముక్కులోంచి వెళ్ళి గడ్డ తీశారు, కానీ రక్తనాళం పక్కన కొంత మిగిలిపోయిందట. ఆ హార్మోన్ ఎంత ఎక్కువుందో రక్తంలో చూపే ఐజీఎఫ్-1 ఆయన వయసుకు ఉండాల్సిన గరిష్ఠానికి ఇంకా 1.8 రెట్లు ఉంది. దాన్ని తగ్గించే ఇంజెక్షన్ ఆక్ట్రియోటైడ్ ఎల్ఏఆర్ 20 మి.గ్రా. నెలకోసారి రాశారు. రెండు డోసులు అప్పు చేసి కొన్నాం. మూడోది మా వల్ల కాదు. మాత్రలతో గడుస్తుందా? కంపెనీల సాయం నిజంగా అందుతుందా? రేడియేషన్ చేయిస్తే మందు మానేయొచ్చా?

పదేళ్ళదారి: నాది 1.5 రెట్లు ఉండేది. కాబర్గోలిన్ మాత్ర మొదలుపెట్టారు, వారానికి రెండుసార్లు. మొదటి రెండు వారాలు కళ్ళు తిరిగాయి, వికారం పుట్టింది. రాత్రి తిన్నాక వేసుకోమన్నారు, సర్దుకుంది. ఎనిమిదో నెలకి మామూలు స్థాయికి వచ్చాను. చెప్పులు మళ్ళీ వదులయ్యాయి, ఉంగరం పట్టింది! ఆ రోజు ఏడ్చాను. ఇంజెక్షన్‌తో పోలిస్తే దీని ఖర్చు చాలా తక్కువ. డాక్టర్‌ని తప్పకుండా అడగండి.

గోదారిగట్టు: అక్కా, మీకు పనిచేసింది కాబట్టి అలా అంటున్నారు. నాకు 3 రెట్లు ఉన్నప్పుడు అదే మాత్ర ఇచ్చి ఏడాది పోగొట్టారు. ఐజీఎఫ్-1 కొద్దిగా పెరిగి ఉన్నవాళ్ళకే అది ఒంటరిగా పనికొస్తుంది, అందులోనూ అందరికీ కాదు. ఆశపెట్టే ముందు ఆ మాట కూడా చెప్పండి.

పదేళ్ళదారి: నా అనుభవమే చెప్పాను అన్నా. డాక్టర్‌ని అడగమనే కదా రాశాను.

మునివేళ్ళు: సాయం గురించి నేను చెప్తాను, మూడేళ్ళుగా దాని మీదే బతుకుతున్నాను. కంపెనీ పథకానికి ప్రిస్క్రిప్షన్, ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ, ఎంఆర్ఐ, ఐజీఎఫ్-1 రిపోర్టు, ఆదాయం కాగితం అడిగారు. డాక్టర్ నింపాల్సిన పేజీ ఒకటి వేరే ఉంటుంది, ఆలస్యమయ్యేది అక్కడే. నాది ఆరు వారాలు ఒక టేబుల్ మీదే ఉండిపోయింది. ఆస్పత్రిలో సోషల్ వర్కర్ ఉంటే ఆవిడనే పట్టుకోండి. ఇంకో మాట: ఏడాదికోసారి రెన్యువల్. గడువుకు రెండు నెలల ముందే మొదలుపెట్టండి. నేను ఒకసారి మర్చిపోయాను, మధ్యలో రెండు డోసులు తప్పిపోయాయి. తలనొప్పి, చెమటలు, కీళ్ళ నొప్పులు అన్నీ తిరిగొచ్చాయి.

ఒంటిచెట్టు: నేను ఏ పథకం కోసమూ తిరగను. నెలకోసారి వేయాల్సింది ఏడు వారాలకు వేయించుకుంటున్నాను. ఖర్చు అక్కడే తగ్గింది. ఏమీ కాలేదు.

సూదిమందు: ఇరవై ఏళ్ళుగా ఎండోక్రైన్ వార్డులో నర్సుని. తమ్ముడూ, ఇలాంటివి ఇక్కడ రాయకు. ‘ఏమీ కాలేదు’ అని నీకెలా తెలుసు? ఐజీఎఫ్-1 చేయించావా? ఈ జబ్బు గుండెను, షుగర్‌ను లోపల్లోపలే దెబ్బతీస్తుంది. బయటికి తెలిసేసరికి ఏళ్ళు గడుస్తాయి.

ఒంటిచెట్టు: మీకు నెలనెలా జీతం వస్తుంది మేడమ్. పిల్లల ఫీజు కట్టాలా, ఇంజెక్షన్ కొనాలా అని రాత్రంతా లెక్కలు వేసుకున్నది నేను. నీతులు చెప్పొద్దు.

సూదిమందు: నీతి కాదు. డోసులు సొంతంగా దూరం జరుపుకుని, చూపు మందగించాక వచ్చిన మనిషిని చూశాను. గడ్డ మళ్ళీ పెరిగి కంటి నరాన్ని నొక్కింది. ఆ భయంతో అంటున్నాను.

గోదారిగట్టు: ఇద్దరూ ఆగండి. దూరం జరపడం అసలే లేదన్నది తప్పు. ఆక్ట్రియోటైడ్ లాంటిదే ఇంకో ఇంజెక్షన్, లాన్రియోటైడ్ 120 మి.గ్రా.ను బాగా అదుపులో ఉన్నవాళ్ళకు 6 వారాలకో, 8 వారాలకో ఇస్తారు. నాకు డాక్టరే అలా మార్చారు. ఏడాదికి 13 వేయించుకునేవాణ్ణి, ఇప్పుడు 7తో సరిపోతోంది. కానీ ముందు ఐజీఎఫ్-1 మామూలుకు రావాలి, మార్చాక మళ్ళీ పరీక్ష చేయాలి. తమ్ముడూ, నువ్వు చేసింది అది కాదు.

ఒంటిచెట్టు: ఆ సంగతి నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. పరీక్ష చేయించి ఏడు నెలలైంది. ఈ వారం వెళ్తాను.

మునివేళ్ళు: పరీక్ష ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించు. పద్ధతి మారితే అంకె మారుతుంది. నా రెండు రిపోర్టులు పొంతన లేకుండా వచ్చాయి, వాటి వల్లే దరఖాస్తు వెనక్కి వచ్చింది.

సూదిమందు: కొత్తవాకిలి గారూ, ఆక్ట్రియోటైడ్ వేయించేటప్పుడు పక్కనే ఉండండి. ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి వచ్చాకే పొడి కలపాలి, కలిపిన వెంటనే పిరుదు కండరంలోకి లోతుగా వేయాలి. ఆలస్యమైతే గడ్డకట్టి సూదిలో ఇరుక్కుంటుంది.

వెన్నెలనీడ: మా అమ్మకు సరిగ్గా అదే జరిగింది! అలవాటు లేని వాళ్ళతో వేయించాం, సగం మందు సిరంజిలోనే ఉండిపోయింది. అంత డబ్బు ఒక్క నిమిషంలో పోయింది. ఆరు నెలలకు పిత్తాశయంలో రాళ్ళు కూడా వచ్చాయి. స్కాన్ చేయించాలని ముందే ఎవరైనా అని ఉంటే బాగుండేది.

కొత్తవాకిలి: అందరికీ ధన్యవాదాలు. రేడియేషన్ గురించి ఎవరూ చెప్పలేదు?

గోదారిగట్టు: నేను చేయించుకున్నాను. ఫలితం రావడానికి ఏళ్ళు పడుతుంది, అప్పటిదాకా మందు వాడాల్సిందే. పిట్యూటరీలోని మిగతా హార్మోన్లు తగ్గిపోయే ప్రమాదం కూడా ఉంది. నాకు నాలుగో ఏడాది థైరాయిడ్, కార్టిసాల్ రెండూ పడిపోయాయి. ఇప్పుడు వాటికీ మాత్రలు. ఖర్చు తగ్గుతుందన్న ఒక్క కారణంతో మాత్రం అటు వెళ్ళకండి.

పదేళ్ళదారి: నాన్నగారు గట్టిగా గురక పెడతారా? నిద్రలో ఊపిరి ఆగుతుందేమో చూపించండి. మా ఇంట్లో అందరం గురకే కదా అనుకున్నాం.

కొత్తవాకిలి: పెడతారు అక్కా, మధ్యలో ఉలిక్కిపడి లేస్తారు కూడా. ఆపరేషన్ అయింది కాబట్టి అదే తగ్గుతుందనుకున్నాం. మునివేళ్ళు గారూ, డాక్టర్ నింపే ఆ పేజీలో ఏమేం రాయాలో చెప్పగలరా? సోమవారం అపాయింట్‌మెంట్ ఉంది. కాబర్గోలిన్ గురించి కూడా అప్పుడే అడుగుతాను.