సమస్యాపూరణం: ఛీ యనుట విని పకపక చెలియ నవ్వె

నిర్వాహకులు (చెన్నై): ఇచ్చిన ఈ చివరి పాదానికి పై మూడు పాదాలూ మీరు కూర్చాలి. ఇది తేటగీతి అనే పద్యరూపంలోని పాదం. గణమంటే లఘువులు (పొట్టి అక్షరాలు), గురువులు (నిడివిగా పలికేవి) కలిసిన గుంపు. ఛీయ, నుటవిని, పకపక, చెలియ, నవ్వె: సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండే పొంతన, ఛీ–చె. తిట్టు విని నవ్వడమెందుకో మీరు తేల్చాలి.

మైలాపూరు సభ్యురాలు:

పలుకు నేర్పిన చిలుకయే పంజరమున
కోప మందున తా నన్న కూత పట్టి
తిరిగి తననె చూచి గడుసు మాటలాగ
ఛీ యనుట విని పకపక చెలియ నవ్వె

నిర్వాహకులు: ఊహ ముచ్చటగా ఉందమ్మా. మూడో పాదంలో యతి తప్పింది. "తి"కి "మా" చెల్లదు. "గడుసు తీరు గాను" అంటే తి–తీ సరిపోతుంది.

మాంబళం సభ్యుడు:

కూవ మొడ్డున ముక్కుకు గుడ్డ చేర్చి
తండ్రి థూ యని యుమియగ, తనయు డపుడు
ముద్దు ముద్దుగ తానును మూతి విరిచి
ఛీ యనుట విని పకపక చెలియ నవ్వె

నిర్వాహకులు: కూవం అంటే మన చెన్నై మురికి నది, కంపుకే ముక్కుకు గుడ్డ. గణాలు, యతులు శుభ్రం. చిక్కంతా అన్వయంలోనే, అంటే మాటల పొందికలోనే. "చెలియ" ఎవరికి చెలియ? రెండో పాదాన్ని "పతియె థూ యని యుమియగ, బాలు డపుడు" అని మారిస్తే ఆమె ఇల్లాలని తెలుస్తుంది. ప–బా యతీ నిలుస్తుంది.

థూ, ఛీ విడివిడిగా వాడడం నాకు బాగా నచ్చింది. థూ ఉమ్మే చప్పుడు. తుపుక్కున ఉమ్మడంలోనూ, తమిళుల "తుప్పు"లోనూ వినిపించేది ఆ చప్పుడే. ఛీ మనిషినో పనినో తోసిపుచ్చే మాట, చీకొట్టడం దాన్నుంచే. బీభత్స రసానికి స్థాయి (మూలభావం) జుగుప్స, అంటే ఏవగింపు; హాస్య రసానికి హాసం, అంటే నవ్వు. పిల్లవాడి నోట ఛీ పడగానే మొదటిది రెండోదానికి దారిచ్చింది. పూరణకు బలం అదే.

పెరంబూరు సభ్యుడు: "పకపక" బదులు "ఇకఇక" అనవచ్చా? నాలుగూ లఘువులే కదండీ.

నిర్వాహకులు: ఇచ్చిన పాదం ముట్టకూడదు. పైగా కథే మారిపోతుంది. ఇకఇకలో వెక్కిరింత ఉంది, కిలకిలలో పిల్లల సందడి, ముసిముసిలో బిగించిన పెదవులు. పకపకలో దాపరికం లేదు. మూసిన పెదవులు "ప"తో విడిపోతాయి. ఒక్కసారైతే పక్కున, ఆగకపోతే పకపక.

పెరంబూరు సభ్యుడు: మరి పై పాదాల్లో "యాక్" వాడవచ్చా?

నిర్వాహకులు: ఎవరో అన్న మాటగా పెడితే అతుకుతుంది. "యాకనె" భగణం (గురువు, రెండు లఘువులు), అది ఇంద్రగణం కాబట్టి రెండో గణంగానో మూడో గణంగానో వేయండి. పాదం మొదట సూర్యగణమే రావాలి.