ఓటమికి షెడ్యూల్ మాఫీ ఉందా? 9-3 అలబామా, 11-1 ఇండియానా గొడవ

బర్మింగ్‌హామ్ బావ:
అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చూసేవాళ్ళకే ఈ ప్రశ్న. 2024లో మొదటిసారి పన్నెండు టీములతో ప్లేఆఫ్ (ఛాంపియన్‌ని తేల్చే నాకౌట్) పెట్టారు. చివరి చోట్ల దగ్గరికి వచ్చేసరికి టీములని ఎంచే కమిటీ 11-1 (11 గెలుపులు, 1 ఓటమి) ఇండియానాని, 11-2 ఎస్ఎంయూని తీసుకుని, 9-3 అలబామాని బయట కూర్చోబెట్టింది. నేనుండేది అలబామాలోనే, పక్షపాతం అంటే అనండి. కానీ మేం జార్జియాని 41-34తో ఓడించాం, ఎల్ఎస్‌యూని వాళ్ళ ఊళ్ళోనే 42-13తో కొట్టాం. ఇండియానాకి రెగ్యులర్ సీజన్‌లో ఎదురైన పెద్ద టీమ్ ఒహాయో స్టేట్ ఒక్కటే. ఆ మ్యాచ్ 38-15తో పోయింది. ప్లేఆఫ్‌లో కూడా నోటర్‌డామ్ చేతిలో 27-17తో ఇంటికెళ్ళారు. ఎస్ఎంయూ అయితే పెన్ స్టేట్ చేతిలో 38-10. షెడ్యూల్ బలం, అంటే ప్రత్యర్థులు ఎంత గట్టివాళ్ళో, చూడకుండా గెలుపులు లెక్కపెడితే ఇంతే.

హూజియర్ హైదరాబాదీ:
బావగారూ, ఆ మూడు ఓటముల గురించి ఒక్క ముక్క రాయలేదేం? టెనెసీ చేతిలో ఓడారు, సరే, అది మంచి టీమ్. మిగతా రెండూ? వాండర్‌బిల్ట్ 40-35, ఓక్లహోమా 24-3. రెగ్యులర్ సీజన్ అయ్యేసరికి ఆ రెండు టీములూ 6-6. కష్టమైన షెడ్యూల్ అంటున్నారు గానీ మీరు బోర్లా పడింది దాన్లో తేలిక మ్యాచ్‌ల దగ్గరే.

మా ఇండియానా షెడ్యూల్ సంగతి కూడా వినండి. 2024 జనవరిలో నేషనల్ ఛాంపియన్‌షిప్ ఆడిన రెండు టీములు మిషిగన్, వాషింగ్టన్. ఆ ఏడాది ఆ రెండూ మాకు తగిలాయి, రెండింటినీ ఓడించాం. ఈలోగా ఆ రెండూ చతికిలపడితే మేమేం చేస్తాం? వాషింగ్టన్ కోచ్ కేలన్ డిబోర్‌ని ఎగరేసుకుపోయింది మీరే కదా! మీరే వాళ్ళని బలహీనం చేసి, బలహీనులతో ఆడారని మమ్మల్ని అంటారా? పైగా ఆ చతికిలపడిన మిషిగనే డిసెంబర్ 31న బౌల్ గేమ్‌లో (సీజన్ అయ్యాక ఆడే విడి మ్యాచ్) మీ మీద 19-13తో గెలిచింది.

బర్మింగ్‌హామ్ బావ:
డిబోర్ దెబ్బ బాగా తగిలింది, ఒప్పుకుంటా. 😄 బౌల్ గేమ్‌ని మాత్రం లెక్కలోకి తేకండి, సగంమంది ఆడరు.

హూజియర్ హైదరాబాదీ:
తర్వాత జరిగినవి లెక్కలోకి ముందు తెచ్చింది మీరు. ఇండియానా పది పాయింట్ల తేడాతో ఓడింది కాబట్టి అర్హత లేదన్నారు. మీ ఎస్ఈసీ కాన్ఫరెన్స్ (అలబామా ఆడే కాలేజీల లీగ్) టీమ్ టెనెసీ అదే రౌండ్‌లో ఒహాయో స్టేట్ చేతిలో 42-17తో, అంటే ఇరవై ఐదు పాయింట్లతో పోయింది. మరి టెనెసీని కూడా తీసేద్దామా?

ఆస్టిన్ ఎమ్మెస్:
అన్నా, నేను ఈ ఆట చూడటం మొదలుపెట్టి ఏడాదే, తప్పయితే చెప్పండి. ఇది జేఈఈ నార్మలైజేషన్ లాంటిదే కదా? పేపర్ కష్టంగా వచ్చిన షిఫ్ట్‌లో తక్కువ మార్కులకే ఎక్కువ పర్సంటైల్. 9-3 కూడా అలాగే అనుకోవచ్చా?

లెక్కల మాస్టారు:
తమ్ముడూ, పోలిక మంచిదే, కానీ జేఈఈలో ఒక్కో షిఫ్ట్‌ని వేలమంది రాస్తారు. పేపర్ ఎంత కష్టమో వాళ్ళ మార్కులే చెబుతాయి. ఇక్కడ ఒక్కో పేపర్ రాసేది ఒక్క టీమే. చిక్కంతా అక్కడే.

అసలు షెడ్యూల్ బలం అంటే ఎవరి లెక్క? ప్లేఆఫ్‌కి ముందు టీములకి ర్యాంకులిచ్చిన పద్ధతి బీసీఎస్ 1998లో మొదలైనప్పుడు ప్రత్యర్థుల గెలుపోటములకి మూడింట రెండు వంతులు, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థులకి ఒక వంతు వేసేవారు. 2004లో ఆ భాగాన్ని విడిగా లెక్కపెట్టడం మానేశారు. దాంట్లో లోపం చూడండి. 2024లో ఎస్ఈసీలో 16 టీములు, ఒక్కోదానికి 8 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు (తమలో తాము ఆడేవి), మొత్తం 64. అంటే 64 గెలుపులు, 64 ఓటములు. టీములన్నీ గొప్పవైనా, అన్నీ చెత్తవైనా ఆ లెక్క మారదు. కాన్ఫరెన్స్ బలం తెలిసేది బయటివాళ్ళతో ఆడిన మిగతా నాలుగు మ్యాచ్‌లలోనే. వాటిలో ఒకటి చిన్న డివిజన్ టీమ్‌కి పోయేది. అలబామా నవంబర్‌లో మెర్సర్‌తో ఆడి 52-7తో గెలిచింది. దాన్నిబట్టి ఏం తెలుస్తుంది?

ఇంకోటి, కష్టం అంటే ఎవరికి కష్టం? ఒక షెడ్యూల్‌లో ఇద్దరు రాక్షసులు, పదిమంది బక్కవాళ్ళు. ఇంకోదాంట్లో పన్నెండుమందీ మధ్యరకం. అగ్రశ్రేణి టీమ్ రాక్షసుల మీద నూటికి 50, మధ్యరకం మీద 95 గెలుస్తుందనుకోండి. బక్కవాళ్ళ దగ్గర ఓటమి ఉండదు. మొదటి షెడ్యూల్‌లో సగటున ఒక ఓటమి, రెండోదాంట్లో 0.6. అంటే దానికి మొదటిదే కష్టం. అదే అడుగున ఉన్న టీమ్‌కి రెండోదే నరకం, బక్కవాళ్ళు దొరికితేనే దానికి గెలుపు. ఇద్దరికీ కలిపి ఒకే ర్యాంకు ఇస్తే అది ఎవరికీ పనికిరాదు.

అందుకే నాకు 'రికార్డు బలం' నచ్చుతుంది. టాప్ 25లో సగటు టీమ్‌ని ఇదే షెడ్యూల్ ఆడిస్తే ఇన్ని గెలుపులు తెచ్చుకునే అవకాశం ఎంత అని అడుగుతుంది అది.

ఆస్టిన్ ఎమ్మెస్:
అర్థమైంది మాస్టారూ. 2024 జనవరిలో మన తన్మయ్ అగర్వాల్ రంజీలో 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ, మొత్తం 366 కొట్టినప్పుడు మా రూములో ఇదే గొడవ. "ప్లేట్ గ్రూపులో అరుణాచల్ మీద కదా" అని ఒకడు తీసిపారేశాడు. "అరుణాచల్ మీద ఆడిన మిగతావాళ్ళెవరు కొట్టారు 366?" అని ఇంకొకడు. రెండోవాడిది రికార్డు బలం అన్నమాట.

లెక్కల మాస్టారు:
నేను పేజీ రాసింది నువ్వు ఒక్క లైనులో తేల్చావు.

బర్మింగ్‌హామ్ బావ:
లెక్క బాగానే ఉంది మాస్టారూ, కానీ మనుషులు దానికి ఎలా స్పందిస్తారు? మేం 2024 సెప్టెంబర్‌లో విస్కాన్సిన్ దాకా వెళ్ళి 42-10తో గెలిచాం. ఇండియానా ఇంట్లో కూర్చుని ఎఫ్ఐయూ, వెస్టర్న్ ఇలినాయ్, షార్లట్‌లతో ఆడింది. చివరికి చూసేది ఓటముల సంఖ్యే అయితే రేపు ఏ కాలేజీ అయినా పెద్ద టీమ్‌తో మ్యాచ్ ఎందుకు ఒప్పుకుంటుంది?

హూజియర్ హైదరాబాదీ:
ఆ మూడు మ్యాచ్‌లని నేనూ సమర్థించను. టికెట్ కొనుక్కుని వెళ్ళినవాణ్ణి, హాఫ్‌టైమ్‌కి పార్కింగ్‌లో ఉన్నా. కానీ ఇండియానా ఆడే మా బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు. మీ ఎస్ఈసీ 2026 నుంచి తొమ్మిది ఆడతామని 2025 ఆగస్టులో చెప్పింది, అంతవరకూ ఎనిమిదే. తొమ్మిదోది పెట్టాక మెర్సర్ లాంటి మ్యాచ్ ఎత్తేస్తారా లేదా, అది చెప్పండి ముందు.

బర్మింగ్‌హామ్ బావ:
అది ఎత్తేస్తే ఎలాగండీ. మా ఇంటిల్లిపాదికీ అందుబాటు ధరలో టికెట్లు దొరికేది ఆ ఒక్క మ్యాచ్‌కే!